మూడో చిత్తు

మధ్యాహ్నం రెండూ అయిదుకి నేను ఆ హైస్కూలు గేటు దాటేసరికి, ఇస్త్రీ అప్పటికే తొమ్మిది మంది పిల్లల్ని దొంగలని తేల్చేసి ప్రిన్సిపాల్ గదిలో తీరిగ్గా టీ తాగుతున్నాడు.

ఇస్త్రీ అన్నది నేను పెట్టిన పేరు. సహాయ నిధి విచారణాధికారి ఆయన. పదేళ్లు ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. చొక్కా మడత నలగకుండా ఎంత జాగ్రత్తపడతాడో, ఫైలు మడత విప్పకుండా కూడా అంతే జాగ్రత్తపడతాడు. నేను ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టడానికి సగం కారణం ఆయన. మిగతా సగం నా కోపం.

ఉదయం నా గదికి వచ్చి ఈ కేసు అప్పజెప్పినవాడు ఈ హైస్కూలు ఆఫీసులోనే గుమస్తా. నీలం చొక్కా వేసుకొచ్చాడు, మోచేతుల దగ్గర గుడ్డ పలచబడిపోయింది. చనిపోయిన అక్క కూతుర్ని తనే పెంచుతున్నాడు. ఆ తొమ్మిది మందిలో ఆ పిల్ల ఒకతె. "నా మేనకోడలు దొంగ కాదు మేడం," అని ఆయన మూడుసార్లు అన్నాడు. మూడోసారి అంటున్నప్పుడు నా మొహం చూడలేదు. ఎందుకు చూడలేదో అప్పుడే అడగాల్సింది, నా మతి మండ.

కాలేజీ ఫీజు కట్టుకోలేని ఇళ్ల పిల్లలు హైస్కూలు చివరి సంవత్సరంలో సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకుంటారు. ఇరవై రెండు పేజీల ఫారం, దాని చివర ఒక ఉత్తరం. మీకు సాయం ఎందుకు కావాలో మీ మాటల్లో రాయండి, అని. పదిహేడేళ్ల పిల్ల తన ఇంట్లో ఏ డబ్బా ఖాళీగా ఉందో ముక్కూ మొహం తెలియని మనిషికి రాసి చూపించాలన్నమాట. సరే, రాశారు. రాశాక వచ్చిన జవాబు ఏమిటంటే, ఇవే ఉత్తరాలు ఆరు రోజుల ముందే వేరే స్కూళ్ల పిల్లల దగ్గర్నుంచి వచ్చాయి కాబట్టి మీరు కాపీ కొట్టారు, మూడేళ్ల దాకా మళ్లీ సాయం అడగకండి, అని. తమ బతుకుని తామే దొంగిలించారట. ఆ కాగితం చదువుతుంటే నాకు చెవులు వేడెక్కాయి.

"సాయంత్రం అయిదింటికి ఆర్డరు ఎక్కించేస్తాను. ఒకసారి ఎక్కితే దిగదు," అన్నాడు ఇస్త్రీ. "ప్రైవేటు వాళ్లకి ఇక్కడ పనేం లేదు."

గడువు కూడా ఆ రోజే, కాబట్టి అయిదు దాటితే ఆ తొమ్మిది మందికీ ఈ ఏడు కాలేజీ లేనట్టే. మూడేళ్ల తరవాత ఎవడు ఏ పనిలో ఇరుక్కుని ఉంటాడో ఎవరికి తెలుసు. నేను కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, ఎవరి ఉత్తరం ముందో ఎవరిది వెనకో ఎలా తేల్చారని అడిగాను.

తారీకులు చూసి తేల్చాడట. అవతలి పిల్లలవి తొమ్మిదిన చేరాయి, వీళ్లవి పదిహేనున. గుమస్తా మేనకోడలి ఉత్తరం తీసి, దాని పక్కన అవతలి అబ్బాయిది పెట్టి, వేలితో ఒక వాక్యం చూపించాడు. అవతలి దానిలో, మా నాన్నకి రెండే చొక్కాలు, ఒకటి ఉతికిన రోజు రెండోది, అని ఉంది. ఈ పిల్ల దానిలో అదే వాక్యం, నాన్న ఉన్నచోట మావయ్య.

"నాన్నని తీసి మావయ్యని పెట్టింది. మార్చడం కూడా చేతకాలేదు," అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక నాకు టీ కప్పు విసిరేయాలనిపించింది. విసిరేయలేదు. ఆర్డరు మూడో గడిలో దరఖాస్తు ఏ కంప్యూటరు నుంచి వచ్చిందో నంబరు ఉంటుంది. అవతలి తొమ్మిదింటికీ ఒకటే నంబరు. అది చూపించి, ఇదెక్కడిదని అడిగాను.

ఎదురు షాపుదేనని తాపీగా చెప్పాడు. రోడ్డుకి అవతల ఫారాలు నింపిపెట్టే షాపు ఉంది. దాని యజమానిని అందరూ గ్యారంటీ అంటారు, నోరు తెరిస్తే ఆ మాటే వస్తుంది కాబట్టి.

"తెలిసి కూడా అడగలేదా?"

"షాపు పెట్టుకోవడం నేరం కాదు. కాగితం చూపించండి, లేకపోతే సంతకం పెట్టే మనిషిని చూపించండి. మీ కోపం ఫైల్లో పెట్టడానికి పనికిరాదు."

రెండున్నరకి మేడ మీది కంప్యూటర్ల గదికి వెళ్లాను. అక్కడ ఉన్నావిడని పిల్లలు ఫారాల టీచరు అంటారు. చెప్పేది లెక్కలు. స్కూలు వదిలాక రోజూ రెండు గంటలు కూర్చుని, ఒక్కొక్కరి చేతా ఇరవై రెండు పేజీలూ నింపిస్తుంది. దీనికి ఆవిడకి ఎవరూ పైసా ఇవ్వరు. ఇప్పుడు మాత్రం నోటీసు ఇచ్చారు, పిల్లలకి కాపీ ఉత్తరాలు పంచిందని. నన్ను చూడగానే, మీరెవరైనా సరే నా పిల్లల్ని దొంగలంటే మెట్ల మీంచి తోసేస్తానంది. ఆవిడ నాకు అప్పుడే నచ్చింది.

ఉత్తరాలు ఎలా రాయిస్తారో మొదట్నుంచీ చెప్పమన్నాను.

"మూడు చిత్తులు రాయిస్తాను. మొదటిది నేను చదవను."

"ఎందుకు?"

"మొదటి దాంట్లో పిల్లలు అబద్ధం రాస్తారు. జైల్లో ఉన్న నాన్న లారీ నడుపుతాడు. తాగొచ్చే అన్న మిలటరీలో ఉంటాడు. సిగ్గు కదండీ. ఆ అబద్ధం ఎక్కడో ఒకచోట రాసేస్తే గాని నిజం బయటికి రాదు. అందుకని ఒకటి మీకోసం రాసుకోండి, నేను చూడను అంటాను. రెండో దాంట్లో సగం నిజం వస్తుంది. మూడోది పంపిస్తాం."

మొదటి చిత్తు మీద పేరు రాయనివ్వదు. చేతిరాత తోటివాళ్లు గుర్తుపడతారని కంప్యూటర్లోనే కొట్టిస్తుంది. అందరూ వాడే కంప్యూటర్లు కాబట్టి కాగితం తీసుకోగానే ఫైలు చెరిపించేస్తుంది. కాగితం వెనక తారీకు ముద్ర కొట్టి బల్ల కింది అట్టపెట్టెలో వేయిస్తుంది. పెట్టె నిండాక టేపు అంటించి ఆఫీసుకి పంపితే, అక్కడి మిషన్లో ముక్కలు చేస్తారు. ఈ ఏడాది నలభై మందీ మొదటి చిత్తులు కొట్టింది నాలుగో తారీకున, పెట్టె ఆఫీసుకి వెళ్లింది అయిదున.

ఖాళీ అయిన పెట్టె మళ్లీ బల్ల కిందికే వచ్చింది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూశాను. మూత మీద రెండు వరసల టేపు ఉంది. కింది వరస ఒకసారి పీకి మళ్లీ అంటించినట్టు ముడతలు పడింది, దాని చివర పళ్లతో కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. పై వరస కత్తెరతో సూటిగా కోసింది. రెండు వరసల్నీ కలిపి మధ్యలో ఒకే కోత.

టీచరు మొహమాటపడుతూ, తను టేపు పళ్లతోనే తెంపుతానని ఒప్పుకుంది. కత్తెర ఎప్పుడూ కనిపించదట. మరి పైన ఇంకోసారి అంటించారా అంటే లేదంది. అంటే ఆఫీసుకి చేరాక ఎవరో పెట్టె తెరిచారు, జాగ్రత్తగా మళ్లీ మూశారు, ఆ తరవాత ఇంకోసారి కోశారు. ముక్కలు చేయబోయే కాగితాల పెట్టెని మళ్లీ మూసి పెట్టుకునే అవసరం ఎవరికి ఉంటుందో అప్పటికి నాకు అంతుబట్టలేదు.

మూడవుతుండగా గుమస్తా మేనకోడలు వచ్చింది. సన్నటి పిల్ల, కళ్లు ఉబ్బి ఉన్నాయి గాని ఏడవడం ఎప్పుడో ఆపేసింది. అవతలి అబ్బాయి ఉత్తరం ఆమె చేతికిచ్చాను. ఆ తొమ్మిది మందికీ ఆర్డరే పంపారు గాని, కాపీ కొట్టారన్న ఉత్తరాలు చూపించాలని ఎవరికీ తోచలేదు. ఆమె నిలబడే చదివింది. చొక్కాల వాక్యం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటికి వెళ్లి చదివింది. చివరికి కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"ఇది నేను పంపిన ఉత్తరం కాదు," అంది. "నా మొదటి చిత్తు."

"ఎలా చెప్పగలవు?"

"నాన్న అని దాంట్లోనే రాశాను. నాన్న నాకు నాలుగేళ్లప్పుడే వదిలేసి పోయాడు. ఆయన చొక్కాలు ఎన్నో నాకేం తెలుసు? అవి మావయ్యవి. మావయ్య అని రాస్తే, నాన్న ఏమయ్యాడో కూడా రాయాలి కదా. అందుకని మావయ్యనే నాన్న అనేశాను. ఒక్కసారి. ఎవరూ చదవరన్నారు."

టీచరు మొహం తిప్పేసుకుంది. నేను మిగతా ఎనిమిది మందినీ పిలిపించమన్నాను. ఒక్కొక్కళ్లూ వచ్చి కాపీ ఉత్తరంలో తమ అబద్ధాన్ని తామే చూపించారు. లారీ నడిపే నాన్న, మిలటరీలో ఉన్న అన్న, ఊరెళ్లిన అమ్మ. ఆ అబద్ధాలన్నీ ఎవరెవరో పిల్లల సంతకాలతో సహాయ నిధికి చేరిపోయాయి, నిజాలుగా చలామణీ అయ్యాయి, మెప్పు కూడా పొందాయి. వీళ్లు చెప్పుకున్న నిజాలు మాత్రం కాపీ అయ్యాయి. ఆ గదిలో నేను ఏం తిట్టానో రాస్తే అచ్చువేయరు.

మూడూ ఇరవైకి మళ్లీ ఇస్త్రీ దగ్గరికి వెళ్లి చెప్పాను. దొంగ చేతికి చిక్కినవి నాలుగో తారీకు చిత్తులు. ముందు రాసింది వీళ్లే. ఆయన వినడం విన్నాడు, గడియారం కూడా చూశాడు.

"తొమ్మిది మందీ ఒకే కథ చెబితే నేర్పించిన కథ అంటారు దాన్ని," అన్నాడు. "నాలుగో తారీకు ముద్ర ఉన్న కాగితం ఉందా?"

"లేదు."

"మరి?"

"పోయినేడాది కూడా ఇదే కుర్చీలో కూర్చుని ఇలాగే మరి అన్నారా?"

ఏదో నోటికొచ్చిందని అన్న మాట అది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పోయినేడాది ఆరుగురి మీద ఇలాంటి ఆర్డర్లే వేశాననీ, అప్పుడు ఇంత గోల ఎవరూ చేయలేదనీ, నియమం నియమమేననీ చెప్పాడు. ఆరుగురు అన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. మనసులో పెట్టుకున్నాను.

అక్కణ్నుంచి ఆఫీసు గది. గుమస్తా లేడు, భోజనానికి ఆలస్యంగా వెళ్లాడట. ముక్కలు చేసే మిషను మూలన ఉంది. దాని పక్క రిజిస్టరు. అయిదో తారీకు, నాలుగూ పదికి, పెట్టె ఒకటి, ముక్కలు చేయబడినది, అని నీట్‌గా రాసి ఉంది. మిషను వెనక రిపేరు వాళ్లు అంటించిన చీటీ ఇంకా పీకలేదు. తీసుకెళ్లింది రెండో తారీకు, తిరిగి ఇచ్చింది పదమూడు. రిపేరు షాపులో ఉన్న మిషను అయిదో తారీకున ఇక్కడ కాగితాలు నమిలిందన్నమాట.

రిజిస్టర్లో ఆ వరస చివర ఉన్న సంతకం ఉదయం నేను చూసిందే. నన్ను పనిలో పెట్టుకుంటున్నానని రాసిచ్చిన కాగితం నా సంచిలోనే ఉంది. తీసి పక్కన పెట్టి చూశాను. కేసు ఇచ్చినవాడే కేసు.

అంత కోపం నాకు ఇస్త్రీ మీద కూడా రాలేదు. ఇస్త్రీ బద్ధకస్తుడు, అంతే. ఈయన నా ఎదురుగా కూర్చుని, మేనకోడలి పేరు చెప్పి, నన్ను ఎవరో బయటి దొంగ మీదికి ఉసిగొల్పాడు. తన పేరు రాకుండా ఆ పిల్లని బయటపడేయాలని చూశాడు. రిజిస్టరూ చీటీ చంకన పెట్టుకుని మెట్లెక్కాను. దారిలో టీచరుతో చెప్పి, ఎదురు షాపు షట్టరు మీద కన్నేసి ఉంచమని కిందికి పంపాను. పిల్లల కాగితాలు ఇంకా మిగిలి ఉంటే అక్కడే ఉంటాయి.

నాలుగూ అయిదుకి, భోజనం నుంచి తిరిగొచ్చిన గుమస్తాని కంప్యూటర్ల గదిలో కూర్చోబెట్టి, తెల్లకాగితం ఇచ్చి, పెట్టె విషయం రాయమన్నాను. ఆయన చకచకా రాశాడు. అయిదో తారీకున పెట్టె ఆఫీసులో పెట్టి భోజనానికి వెళితే ఎవరో తెలియని వ్యక్తి తీసుకుపోయాడు, భయపడి ముక్కలు చేసినట్టు రిజిస్టర్లో రాశాను, అని. నేను చీటీ తీసి ఆయన ముందు పెట్టాను. పెట్టె పోయింది కాబట్టి భయపడ్డావా, మిషనే లేదని తెలిసి రాశావా అన్నాను. ఆయన ఆ కాగితం చింపేశాడు.

రెండో కాగితం మీద చేయి నెమ్మదిగా కదిలింది. మిషను రిపేరుకి పోయింది. గ్యారంటీ వచ్చి, మా షాపులో మిషనుంది, ఊరికే ముక్కలు చేసి పెడతాను అన్నాడు. నమ్మి ఇచ్చాను. తెలివితక్కువ పని చేశాను, క్షమించండి.

అది ఇస్త్రీకి సరిపోతుంది. తొమ్మిది మందీ బయటపడతారు, ఈయనకి ఒక మందలింపుతో పోతుంది. గడియారం నాలుగూ ఇరవై అయిదు చూపిస్తోంది. తీసుకుని కిందికి పోదామనుకుంటూ కూడా నేను కదలలేదు. బల్ల కింది నుంచి అట్టపెట్టె తీసి ఆయన ఒళ్లో పెట్టాను.

"ఊరికే ముక్కలు చేయిస్తున్నావు. మరి ఇచ్చేముందు ఎందుకు తెరిచావు? తెరిచి, మళ్లీ ఎందుకు మూశావు?"

ఆయన పై వరస టేపు మీద బొటనవేలు పెట్టి రుద్దుతూ కూర్చున్నాడు.

"మా పిల్లది తీసేద్దామని," అన్నాడు. "పేర్లుండవు కదండీ. మావయ్య అన్న మాట కోసం వెతికాను. అన్ని కాగితాలూ చూశాను. ఎక్కడా లేదు. దానిది ఇంకా వేయలేదేమో అనుకున్నాను."

నేను ఏదో అనబోయాను గాని, తలుపు దగ్గర అలికిడి అయింది. ఆ పిల్ల ఎప్పుడు వచ్చి నిలబడిందో ఇద్దరం చూడలేదు. ముక్కలు చేయబోయే కాగితాల్లోంచి తన ఒక్కదాన్ని తీసేయాలని మావయ్య ఎందుకు వెతికాడో ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అవి ముక్కలు కావని ఆయనకి తెలుసు. నలభై మంది పిల్లల బతుకులూ పోతే పోయాయి, తన పిల్లది మాత్రం ఉండకూడదనుకున్నాడు. ఆ పిల్ల సిగ్గుపడి ఆయన్ని నాన్న అన్నందుకు, ఆయన దాన్ని గుర్తుపట్టలేకపోయాడు.

ఆమె బల్ల దగ్గరికి వచ్చి రెండో కాగితం మొత్తం చదివింది. చదివి ఆయన ముందుకి తోసింది.

"ఇది రెండో చిత్తు," అంది. "మూడోది రాయి మావయ్యా."

ఆయన రాశాడు. నాలుగూ ముప్ఫై అయిదు నుంచి నాలుగూ నలభై ఆరు దాకా రాశాడు. మధ్యలో రెండుసార్లు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగలేదు. పూర్తయిన కాగితం మీద ఏముందంటే, గ్యారంటీ ఆ చిత్తుల్ని బయటి పిల్లలకి అమ్ముకుంటాడని తెలుసు, తనకి డబ్బివ్వలేదు, మేనకోడలి దరఖాస్తుకి ఢోకా లేకుండా చూస్తానని మాటిచ్చాడు. ఆ మాట కోసం ఈ ఏడాది పెట్టె ఇచ్చాడు. మిషను బాగానే ఉన్న పోయినేడాది కూడా ఇచ్చాడు. ఆ ఆరుగురి పేర్లూ వరసగా రాశాడు. ఒక్క పేరు కూడా మరిచిపోలేదు.

ఆ ఇద్దర్నీ వెంటబెట్టుకుని, కాగితం కిందికి తెచ్చి ఇస్త్రీ ముందు పెట్టాను. ఆయన కుర్చీలో ముందుకి వంగి చదివాడు. పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన వేలు ఒక్కొక్క పేరు మీదా ఆగింది. ఆ ఆరు ఆర్డర్ల కిందా సంతకం ఆయనదే. చొక్కా మెడ దగ్గర తడిసి, మడత పోయింది.

"ఇది ఎక్కిస్తే పోయినేడాది ఫైలు కూడా తెరవాలి," అన్నాడు.

"తెరవండి."

"నా ఉద్యోగం..."

"వాళ్ల కాలేజీ పోయి ఏడాదయింది. గడియారం చూసుకుని మాట్లాడండి."

కిటికీలోంచి చూస్తే ఎదురు షాపు షట్టరు సగం దిగి ఉంది. ఫారాల టీచరు దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. గ్యారంటీ ఆవిడ మీద అరుస్తున్నాడు, ఆవిడ కదలడం లేదు. నేను పరిగెత్తాలి, కాని ఇస్త్రీ వాంగ్మూలం ఫారం తీసి గుమస్తా ముందుకి జరిపాడు. సంతకానికి ముందు ఇంకొక గడి నింపాలి. విద్యార్థినితో సంబంధం.

గుమస్తా కలం ఆ గడి మీద ఆగిపోయింది. తల ఎత్తి మేనకోడలి వైపు చూశాడు. పైన బల్ల మీదున్న ఆ కాపీ ఉత్తరం ఆయన కూడా అప్పటికే చదివాడు. తనని ఎవరి పేరు పెట్టి రాసిందో ఆయనకి తెలుసు. ఏం అడుగుతున్నాడో ఆమెకీ తెలుసు. ఇందాకటి దాకా నువ్వు అన్న పిల్ల ఇప్పుడు మీరు అంది.

"మావయ్య అని రాయండి. నాన్న అన్నది మొదటి చిత్తు."

ఆయన మావయ్య అని రాసి సంతకం పెట్టాడు. నాలుగూ యాభై రెండు అయింది.